తాళపత్రానికి ఎంత బింబ వృత్తం కావాలి: ఒక కాంపాక్ట్ లెన్సు, రెండు సెన్సర్ల కేస్ స్టడీ

ప్రతి తాటాకు పక్కన మేము ఒక స్కేలు పట్టీ పెట్టి ఫొటో తీస్తాము. తొలి 90 ఆకుల ఫొటోల్లో ఆ పట్టీ మీది ఒక సెంటీమీటరు 273 పిక్సెళ్ల వెడల్పు ఉంది. 91వ ఆకు నుంచి అదే సెంటీమీటరు 179 పిక్సెళ్లకు పడిపోయింది. లెన్సు మారలేదు, ఆకుకూ లెన్సుకూ మధ్య దూరం చెప్పుకోదగినంతగా మారలేదు, ఫ్రేములో ఆకు కనిపించే తీరు అసలే మారలేదు. మారింది కెమెరా బాడీ ఒక్కటే. ఈ తేడా నా కంటపడేసరికి 130 ఆకులు పూర్తయ్యాయి, అంటే 40 ఆకులు, ఒక్కో ఆకుకు నాలుగు చొప్పున 160 ఫొటోలు, మేము మొదట నిర్ణయించుకున్న ప్రమాణానికి దిగువన తీసినవే. ఆ పొరపాటు ఎలా జరిగింది, దాన్ని ఎలా లెక్కగట్టాము, ఎంతవరకు సరిదిద్దాము అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పాత వస్తువులను, పత్రాలను ఫొటో తీసే పనిలో చిన్న లెన్సులు, రకరకాల సెన్సర్లు కలిపి వాడేవారు చాలామందే ఉన్నారు కనుక ఈ లెక్కలు వారికి పనికివస్తాయని నా నమ్మకం.

పని, ప్రమాణం

కోనసీమలోని ఒక కుటుంబం తమ అటక మీద ఉన్న మూడు తాళపత్రపు కట్టలను డిజిటల్ రూపంలో భద్రపరచమని మమ్మల్ని కోరింది. మొత్తం 212 ఆకులు. ఎక్కువ భాగం ఇంటి వైద్యానికి సంబంధించినవి, కొన్ని జ్యోతిషానివి. ఆకులను ఊరు దాటించడం ఇంటి పెద్దావిడకు ఇష్టం లేదు, ఆ మాటలో న్యాయం ఉంది కూడా. అందువల్ల సామానంతా ఒక సంచిలో పట్టేటట్లు చిన్న కాపీ స్టాండు, రెండు ఎల్ఈడీ దీపాలు, ఏపీఎస్-సీ (ఫిల్ము ఫ్రేము కంటే చిన్నదైన) సెన్సరున్న 24 మెగాపిక్సెళ్ల మిర్రర్‌లెస్ కెమెరా, దానికోసమే తయారైన 30 మి.మీ. కాంపాక్ట్ మాక్రో (దగ్గరి నుంచి తీసే) లెన్సు తీసుకుని మేమే వాళ్ల ఇంటికి వెళ్లాము.

ఆకులు సుమారు 38 సెం.మీ. పొడవు, 3.5 సెం.మీ. వెడల్పు ఉన్నాయి. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పట్టించిన రాత ఇది. కొలిచి చూస్తే సన్నని గీతలు 0.15 మి.మీ. దగ్గర ఉన్నాయి. గీత ఉందని తెలియడానికి రెండు పిక్సెళ్లు చాలు, కానీ దాని అంచు ఎక్కడ ఆగిందో, పక్క గీతను అంటిందో లేదో తెలియాలంటే కనీసం మూడు కావాలి. 0.15 మి.మీ.కు మూడు పిక్సెళ్లంటే మిల్లీమీటరుకు 20, అంగుళానికి 508. దానినే మా కనీస ప్రమాణంగా పెట్టుకున్నాము.

ఆకు మొత్తాన్ని ఒకే ఫొటోలో తీస్తే, అటూ ఇటూ సెంటీమీటరు వదిలి, 40 సెం.మీ. మీద 6000 పిక్సెళ్లు పరచుకుంటాయి, అంటే మిల్లీమీటరుకు 15 మాత్రమే. అందుకే ఒక్కో వైపును రెండు భాగాలుగా, ఒక్కో భాగం 22 సెం.మీ. ఉండేలా, మధ్యలో కొంత మేర ఒకదానిపై ఒకటి పడేలా తీశాము. అప్పుడు మిల్లీమీటరుకు 27 పిక్సెళ్లు దాటుతాయి. తొలి 90 ఆకులు ఈ పద్ధతిలో ఏ ఇబ్బందీ లేకుండా సాగాయి.

బాడీ మారిన రోజు

పని మధ్యలో మా కెమెరా షట్టరు ఆగిపోయింది. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన ఆ ఇంటి అల్లుడుగారు తన ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము ఫ్రేమంత సెన్సరున్న) కెమెరాను ఎంతో ఆదరంగా మా చేతికిచ్చారు. అదీ 24 మెగాపిక్సెళ్లదే, మౌంటు (లెన్సు బిగించే చోటు) అదే. మా చిన్న మాక్రో లెన్సు దాని మీద టక్కున కూర్చుంది, ఆటోఫోకస్ పనిచేసింది, తెర మీద బొమ్మ అంచుల దాకా వెలుగుతో నిండుగా కనిపించింది. ఇంతకన్నా మంచి సెన్సరు దొరికిందని సంతోషించి పని కొనసాగించాము.

ఫుల్ ఫ్రేమ్ బాడీ తనకు తగిలింది ఏపీఎస్-సీ లెన్సని లెన్సు వెనక ఉన్న విద్యుత్ కాంటాక్టుల ద్వారా గుర్తుపట్టి, సెన్సరు మధ్య భాగాన్ని మాత్రమే వాడుకోవడం మొదలుపెట్టింది. 35.9 మి.మీ. వెడల్పున్న సెన్సరులో సుమారు 23.5 మి.మీ. మాత్రమే లెక్కలోకి వచ్చింది. తెర మీద మాత్రం ఆ ముక్కనే పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. 6000 × 4000 ఉండాల్సిన ఫైలు 3936 × 2624గా వచ్చింది. వెడల్పు ఒకటిన్నర రెట్లు తగ్గితే వైశాల్యం రెండుంబావు రెట్లు తగ్గుతుంది, 24 మెగాపిక్సెళ్లు పదికి దిగుతాయి. 22 సెం.మీ. మీద 3936 పిక్సెళ్లంటే మిల్లీమీటరుకు 17.9.

ఫైలు పరిమాణం చూసినా తెలిసేది. చూడకపోవడం నా తప్పు. రోజు పని ముగిశాక ఫొటోలను కాపీ చేసుకుని, ఫోకస్ సరిగా ఉందో లేదో మాత్రమే చూసి పడుకునేవాళ్లం. రెండు భాగాలను అతికించే పనిని చివరికి వాయిదా వేయడం వల్ల స్కేలు పట్టీ చెబుతున్న సంగతి ఆలస్యంగా బయటపడింది. ఇప్పుడు ప్రతి రోజూ తొలి ఫొటోను కంప్యూటరులో తెరిచి, పట్టీ మీద సెంటీమీటరుకు ఎన్ని పిక్సెళ్లో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసిన తరువాతే రెండో ఫొటో తీస్తాము.

మౌంటు కలవడం వేరు, వృత్తం చాలడం వేరు

లెన్సు గుండ్రని బింబాన్ని వేస్తుంది, దానినే బింబ వృత్తం అంటాము. మన సెన్సరు దీర్ఘచతురస్రం ఆ గుండ్రటి వెలుగులో ఇమడాలి. ఆ వృత్తపు వ్యాసం సెన్సరు మూల నుంచి మూలకు ఉన్న కర్ణానికి తగ్గకూడదన్నది సాధారణ నియమం. ఫుల్ ఫ్రేమ్ కర్ణం 43.3 మి.మీ., 23.5 × 15.6 మి.మీ. ఏపీఎస్-సీ కర్ణం 28.2 మి.మీ., 17.3 × 13 మి.మీ. మైక్రో ఫోర్ థర్డ్స్ కర్ణం 21.6 మి.మీ. కానన్ ఏపీఎస్-సీ వీటన్నిటికీ కొంచెం వేరుగా 22.3 × 14.9 మి.మీ. దగ్గర ఉంటుంది. జేబు కెమెరాల్లో కనిపించే ఒక అంగుళం సెన్సరు నిజంగా 13.2 × 8.8 మి.మీ. మాత్రమే, అందులో అంగుళం పొడవున్న కొలత ఏదీ లేదు. ఆ పేరు పాత టీవీ కెమెరాల గాజు గొట్టం బయటి వ్యాసం నుంచి వచ్చింది, ఏపీఎస్-సీ అన్న పేరు 1996లో వచ్చిన ఫిల్ము పద్ధతి నుంచి వచ్చింది. అందుకే లెన్సు కొనేముందు ఫార్మాటు పేరును కాక మిల్లీమీటర్లను చూడమని నా దగ్గర పని నేర్చుకునేవారికి చెబుతాను.

సరిపడని జోడీ దగ్గర ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. కానన్ చిన్న సెన్సరుకోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్ ఈఎఫ్ బాడీలకు అసలు ఎక్కవు, కాబట్టి పొరపాటుకు తావు లేదు. అదే కంపెనీ తరువాతి ఆర్ఎఫ్ పద్ధతిలో చిన్న సెన్సరు లెన్సులు ఎక్కుతాయి, బాడీ తానే ఫ్రేమును కోస్తుంది. నికాన్ చిన్న సెన్సరు (డీఎక్స్) లెన్సులను ఫుల్ ఫ్రేమ్ (ఎఫ్ఎక్స్) బాడీ గుర్తుపట్టి కోయగలదు. లెన్సు ఎక్కడం సౌకర్యమే, కానీ ఆ సౌకర్యం వెనక జరిగే కోతను వాడేవాడు తెలుసుకుని ఉండాలి.

ఆకు ఆకారం ఇచ్చిన అవకాశం

తప్పు తెలిసిన రాత్రి, కెమెరా తానే ఫ్రేమును కోసే ఆటో క్రాప్‌ను ఆపేసి, ఒకే తీరుగా వెలిగించిన తెల్ల కాగితాన్ని అదే దూరం నుంచి తీసి చూశాను. వెలుగు మధ్యలో ఉన్నదానిలో సగానికి తగ్గేచోటు సుమారు 31 మి.మీ. వ్యాసం దగ్గర ఉంది. ఆ తరువాత నలుపే. ఫుల్ ఫ్రేమ్ మూలలు పూర్తిగా చీకటిలో పడ్డాయి, అందులో ఆశ్చర్యం లేదు.

అయితే తాళపత్రానికి మూలలతో పనేముంది? 22 సెం.మీ. పొడవు, 3.5 సెం.మీ. వెడల్పున్న పట్టీ అది. సెన్సరు మీద కూడా అది నడుమ నుంచి సాగే సన్నని పట్టీగానే పడుతుంది, పైనా కిందా ఉన్న భాగమంతా నల్ల గుడ్డ ఫొటోయే. 3:2 నిష్పత్తిలో ఉన్న చట్రాన్ని వృత్తంలో ఇమిడ్చేటప్పుడు ఎత్తుకోసం వెడల్పును చాలా వదులుకోవలసి వస్తుంది. పట్టీకి ఆ అవసరం లేదు, దాని పొడవు దాదాపు వృత్తపు వ్యాసమంత ఉండవచ్చు. లెన్సు తయారుచేసినవారు లెక్కలోకి తీసుకున్న 28.2 మి.మీ. వృత్తాన్నే నమ్మినా, అందులో మా పట్టీ 27.8 మి.మీ. పొడవున పడుతుంది. ఆ మేర సెన్సరు మీద సుమారు 4650 పిక్సెళ్లు ఉంటాయి, అంటే మిల్లీమీటరుకు 21 పైచిలుకు. కెమెరా తనంతట తాను కోసినప్పుడు 17.9 ఇచ్చిన ఆ లెన్సే, ఆ సెన్సరే, కోతను మన చేతిలోకి తీసుకుంటే మా ప్రమాణాన్ని దాటుతున్నాయి.

ఇంకొంచెం ముందుకు వెళ్లి 31 మి.మీ. అంచుదాకా వాడుకోవచ్చేమో అని కూడా పరీక్షించాను. చిక్కు వెలుగుతో రాలేదు. తెల్ల కాగితం ఫొటోతో ప్రతి ఫైలును సరిచేస్తే వెలుగు తేడా పోతుంది, మసకబారిన గీతను మాత్రం ఏ సవరణా తిరిగి తేలేదు. 28 మి.మీ. దాటాక అక్షరాల అంచులు ఒకవైపు సాగినట్లు, ఎర్రని, నీలిరంగు జీరలతో వచ్చాయి. వెలుగు వృత్తం, స్పష్టత వృత్తం రెండూ వేరువేరని, పత్రాల పనికి రెండోదే కొలబద్దని అప్పుడు గట్టిగా అర్థమైంది.

దగ్గరి నుంచి తీసేటప్పుడు బింబ వృత్తం పెరుగుతుందన్న మాట కూడా ఇక్కడ కొంత జాగ్రత్తగా చెప్పుకోవాలి. మాగ్నిఫికేషన్ అంటే వస్తువు కొలతలో సెన్సరు మీది బొమ్మ కొలత ఎన్నో వంతో చెప్పే అంకె. లెన్సు మొత్తం ముందుకు జరిగి ఫోకస్ చేసేదైతే, బింబం పడే దూరం ఫోకల్ లెంగ్త్ కంటే, మాగ్నిఫికేషన్‌ను ఒకటికి కలిపినంత రెట్లు పెరుగుతుంది, వృత్తమూ ఆ మేరకే పెరుగుతుంది. ఒకటికి ఒకటి కొలతలో రెట్టింపవుతుంది కనుకనే చిన్న సెన్సరు మాక్రో లెన్సులు పెద్ద సెన్సరును బాగానే నింపుతాయని వింటూ ఉంటాము. మా పనిలో మాగ్నిఫికేషన్ 0.13 దగ్గర ఉంది, పెరుగుదల పదమూడు శాతమే. పైగా లోపలి గాజులు మాత్రమే కదిలి ఫోకస్ చేసే లెన్సులకు ఈ లెక్కను నేరుగా వర్తింపజేయలేము. పురుగుల కళ్లను తీసేవారికి నిజమైన మాట ఆకులను తీసేవారికి అంతగా అక్కరకు రాదు.

ఎన్‌లార్జర్ లెన్సు

21 పిక్సెళ్లతో మిగిలిన పని ముగించవచ్చు, కానీ అంచున నడవడం నాకు ఇష్టం లేదు. తాటాకు వంపు తిరిగి ఉంటుంది, ఆకు అర సెంటీమీటరు పక్కకు జరిగినా చివరి అక్షరం మసక ప్రాంతంలోకి పోతుంది. ఫుల్ ఫ్రేమ్ వెడల్పంతా నిజంగా కప్పగల చిన్న లెన్సు కావాలి. కొత్త ఫుల్ ఫ్రేమ్ మాక్రో కొనే ఖర్చు ఈ పనిలో లేదు.

మొదట ఒక మిత్రుడు పాత రేంజ్‌ఫైండర్ కెమెరా 35 మి.మీ. లెన్సు ఇచ్చారు. ఫుల్ ఫ్రేమ్ ఫిల్ముకోసం చేసినదే కనుక వృత్తం చాలింది, కానీ అంచుల్లో స్పష్టత నిలవలేదు. ఆ జాతి లెన్సుల్లో వెనుక గాజు ఫిల్ముకు చాలా దగ్గరగా ఉంటుంది, కిరణాలు అంచుల వద్ద బాగా ఏటవాలుగా వస్తాయి. ఫిల్ము ఆ వాలును పట్టించుకోదు. డిజిటల్ సెన్సరు ముందు ఫిల్టరు గాజు పొర ఉంటుంది, ఏటవాలు కిరణం ఆ గాజులో పక్కకు జరుగుతుంది, పిక్సెళ్ల మీది సూక్ష్మ లెన్సులూ వాలు కిరణాన్ని సరిగా పట్టలేవు. ఆ తరహా కెమెరాలు చేసే లైకా కంపెనీ 2006లో ఎం8ను 27 × 18 మి.మీ. సెన్సరుతో తెచ్చి, 2009లో ఎం9తో గాని ఫుల్ ఫ్రేమ్‌కు రాకపోవడం వెనుక ఈ సమస్య ఎంత ఉందో రేంజ్‌ఫైండర్ వాడేవారికి తెలుసు.

చివరికి రాజమహేంద్రవరంలో ఎప్పుడో మూతపడిన ఒక స్టూడియో డార్క్‌రూములోని ఎన్‌లార్జర్ నుంచి 50 మి.మీ. ఎల్-నిక్కోర్ ఎఫ్/2.8 లెన్సు దొరికింది. గుప్పిట్లో ఇమిడే వస్తువు. దాని పుట్టుకే మా పనికి తలకిందులుగా సరిపోయింది. 24 × 36 మి.మీ. నెగటివును రెండు నుంచి ఇరవై రెట్ల వరకు పెద్దది చేసి చదునైన కాగితం మీద వేయడం దాని వృత్తి. 22 సెం.మీ. ఆకు ముక్కను 35.9 మి.మీ. సెన్సరు మీద వేయడమంటే అదే దారిలో కాంతిని వెనక్కి నడిపించడం, ఆరు రెట్లకు కాస్త పైన. నెగటివు ఉన్న చోట సెన్సరు, కాగితం ఉన్న చోట ఆకు. చదునైన తలం నుంచి చదునైన తలానికి వేయడానికే దాన్ని రూపొందించారు కనుక పక్కలు వంగవు. లెన్సు నుంచి సెన్సరుకు 58 మి.మీ. దూరం ఉంటుంది, అంచుకు చేరే కిరణం 17 డిగ్రీల వాలుతోనే వస్తుంది, సెన్సరుకు అది ఏమంత భారం కాదు.

బిగించడం కష్టం కాలేదు. లెన్సు మర 39 మి.మీ., దాన్ని 42కు మార్చే రింగు, వెనక 42 మరల హెలికాయిడ్ (తిప్పితే పొడవు మారే గొట్టం), దాని వెనక కెమెరా అడాప్టరు. ఇన్ఫినిటీ ఫోకస్ (చాలా దూరపు వస్తువుల మీద ఫోకస్) అవసరం లేని పని కనుక గొట్టాల పొడవు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, హెలికాయిడ్ సర్దేస్తుంది. రెండు విషయాలు మాత్రం మరచిపోకూడదు. ఎన్‌లార్జర్ చీకటిలో ఎపర్చరు (లెన్సులో కాంతి దూరే రంధ్రం) అంకె కనబడేలా ఈ లెన్సులో వెలుగు లోపలినుంచి రావడానికి ఒక చిన్న దారి ఉంటుంది. కెమెరా మీద అది తిరగబడి, దీపాల వెలుగును సెన్సరు వైపు పంపుతుంది, నలుపులు బూడిదరంగుగా మారతాయి. అక్కడ నల్ల టేపు అతికించాలి. రెండోది, ఈ లెన్సుకు విద్యుత్ కాంటాక్టులు లేవు కనుక లెన్సు లేకున్నా షట్టరు పడే అనుమతిని కెమెరా మెనూలో ఇవ్వాలి, ఫైలులో లెన్సు పేరు, ఎపర్చరు నమోదు కావు కనుక వాటిని మనమే రాసిపెట్టుకోవాలి. కాంటాక్టులు లేకపోవడం వల్ల కెమెరా తనంతట తాను ఫ్రేమును కోసే ప్రమాదమూ లేదు.

పెద్ద సెన్సరు వల్ల ఫోకస్ లోతు (స్పష్టంగా కనిపించే ముందువెనకల మేర) తగ్గింది. పాత జోడీలో ఎఫ్/5.6 వద్ద, ఒక పిక్సెలు మసకను హద్దుగా పెట్టుకుంటే, 4.2 మి.మీ. లోతు దొరికేది. కొత్త జోడీలో అదే ఎపర్చరుకు మూడు మిల్లీమీటర్లైనా రావు. వంపు తిరిగిన తాటాకుకు అది చాలదు. ఎఫ్/8కి మూస్తే మళ్లీ 4.2 వచ్చింది. డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో కాంతి చెదరడం వల్ల వచ్చే మసక) పెరగదా అంటే, అక్కడ పిక్సెలే ఆరు మైక్రాన్లకు పెద్దదైంది కనుక మసక చుక్క రెండు సందర్భాల్లోనూ దాదాపు రెండు పిక్సెళ్లే. దీపాలు కదలవు, ఆకు కదలదు, కనుక ఎక్కువసేపు షట్టరు తెరవడం వల్ల నష్టం లేదు. ఫ్రేము వెడల్పు మీద పిక్సెళ్లు రెంటిలోనూ ఆరువేలే. నిజాయితీగా చెప్పాలంటే, ఈ పనికి ఫుల్ ఫ్రేమ్ వల్ల మాకు కలిగిన లాభం ఏమీ లేదు. షట్టరు ఆగకపోయి ఉంటే పాత చిన్న జోడీతోనే 212 ఆకులూ అంతే బాగా వచ్చేవి.

ఆ నలభై ఆకులు

మిగిలిన 82 ఆకులను ఎన్‌లార్జర్ లెన్సుతో మిల్లీమీటరుకు 27 పిక్సెళ్లకు తీశాము. ఇక తక్కువ స్పష్టతతో ఉన్న 40 ఆకుల సంగతి. మళ్లీ తీయడం తేలికే, కానీ ఎండిన తాటాకును ఎత్తి, తిప్పి, గాజు కింద పెట్టి తీసిన ప్రతిసారీ అంచు కొంత రాలుతుంది. నిమ్మగడ్డి నూనె పూస్తే ఆకు మెత్తబడుతుంది, అయితే అది నిపుణుల చేతిలో చేయవలసిన పని. నా పొరపాటుకు ఆకులు మూల్యం చెల్లించకూడదనుకున్నాను.

అందుకని ఆ 160 ఫొటోలను ముందు పాతలిపి చదవగల ఒక పండితుడుగారికి చూపించాము. 17.9 పిక్సెళ్ల దగ్గర సన్నని గీతకు 2.7 పిక్సెళ్లు దొరుకుతున్నాయి, ప్రమాణానికి కొద్దిగానే తక్కువ. ఆయన 29 ఆకులను ఏ అనుమానమూ లేకుండా చదివేశారు. 11 ఆకుల్లో మాత్రం వత్తులు కలిసిపోయిన చోట్లను, మసి రాలిపోయి గీత మాత్రమే మిగిలిన చోట్లను గుర్తుపెట్టి ఇచ్చారు. ఆ 11 ఆకులనే మళ్లీ తీశాము. మొదటి ఫైళ్లను తీసేయలేదు. ఏ ఆకును ఏ బాడీతో, ఏ లెన్సుతో, సెంటీమీటరుకు ఎన్ని పిక్సెళ్లతో తీశామో రాసిన పట్టికతోపాటు రెండు విడతలనూ ఆ కుటుంబానికి అప్పగించాము.

మళ్లీ తీసిన వాటిలో ఒక ఆకు చిన్నపిల్లల దగ్గుకు ఇచ్చే మందును గురించినది. పాత ఫొటోలో ఒక మాట మొదటి అక్షరం పకారమో వకారమో తేలలేదు, తలకట్టు అక్షరాన్ని అంటిందా, విడిగా ఉందా అన్నదే తేడా. కొత్త ఫొటోలో తలకట్టు కొన అక్షరంలో కలిసిన చోటు కనిపించింది. పండితుడుగారు దాన్ని వస అని చదివి, పక్కన కూర్చున్న పెద్దావిడ వైపు చూశారు. ఆవిడ లోపలికి వెళ్లి, వంటింటి డబ్బాలోంచి ఒక వస కొమ్ము తెచ్చి బల్ల మీద పెట్టారు.